హంసలదీవి దారిలో అత్తయ్య చప్పిడి మొక్కు

మా చిన్నప్పుడు... ఒక మాఘ పౌర్ణమికి చల్లపల్లి నుంచి హంసలదీవి దాకా నడిచి వెళ్లాం. నాయనమ్మ, ఆవిడ కూతురు రాజ్యం అత్తయ్య, మావయ్య, నేను. బట్టల మూట చిన్నది, తిండి మూట పెద్దది... పులిహోర, అటుకులు, వేయించిన శనగలు, బెల్లం ముక్కలు, చిన్న జాడీలో మాగాయ. మరచెంబు మోసే ఉద్యోగం నాది.

ఆ మూటలో అత్తయ్య గిన్నె వేరు. అందులో ఉప్పు వేయని పెరుగన్నం ఉండేది. చప్పిడి.

అంతకుముందు ఎండాకాలంలో మావయ్యకి కామెర్లు వచ్చాయి. నెలల తరబడి చప్పిడి పథ్యమే. మనిషి దక్కుతాడో లేదో అనుకున్న రోజుల్లో అత్తయ్య మొక్కుకుంది... ఈయన లేచి తిరిగితే నేనూ చప్పిడి తింటూ సముద్రం దాకా నడుస్తాను, సముద్రుడి నీళ్లు తలమీద పడ్డాకే ఉప్పు ముట్టుకుంటాను అని. బయల్దేరడానికి వారం ముందే ఉప్పు మానేసింది. ఆవిడ మొండితనం సంగతి వాళ్లు కాపురముండే మొవ్వలో వీధి వీధంతా తెలుసు.

మొదటి రోజు అవనిగడ్డ దాకా బాగానే నడిచింది. మమ్మల్నే వెనకేసింది కూడా. రెండో రోజు కోడూరు దాటాక మొదలైంది అసలు కథ...

మాఘమన్న మాటే గానీ ఎండ మాడు పగలగొడుతోంది. అత్తయ్య జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. రెండడుగులకోసారి "బుజ్జీ, నీళ్లు" అనేది. దారిలో కనిపించిన ప్రతి పంపు దగ్గరా మరచెంబు నింపేదాన్ని. ఎంత తాగినా చాలేది కాదు. నడిచేవాళ్లకి నీళ్లే ప్రాణం అనుకునేవాళ్లం... ఇంకా ఇంకా పోశాం.

కాసేపటికి పిక్కలు పట్టేశాయంది. నాయనమ్మ కూర్చోబెట్టి కాళ్లు నొక్కింది. తాగిన నీళ్లన్నీ వాంతి చేసుకుంది. తర్వాత నా ముఖంలోకి చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, దూడని కట్టేశావా?"

అత్తయ్యకి అక్క లేదు. అక్కడ దూడా లేదు. నాకు భయమేసింది. మరచెంబు మూత పెట్టడం కూడా రాలేదు.

మావయ్య గబగబా మూట విప్పి, పొద్దున కోడూరులో పోయించుకున్న మజ్జిగ గిన్నె తీశాడు. అందులో మాగాయ ఊట వేయబోతుంటే నాయనమ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు బాబూ... మీ ప్రాణం కోసం మొక్కిన మొక్కు. ఇంత దూరం వచ్చి తప్పితే ఆ జబ్బు మళ్లీ మీ మీదికొస్తుంది."

"మనిషి ఇలా అయిపోతుంటే మొక్కేంటండీ అత్తయ్య గారూ" అని మావయ్య నాయనమ్మని బతిమాలాడు.

"కొంచెం ఓర్చుకుంటే సముద్రం వచ్చేస్తుంది..."

ఎక్కడి సముద్రం. ఇంకా బోలెడు దూరం ఉంది. మాలాగే నడిచేవాళ్లు ఒకరిద్దరు ఆగి చూశారు, బండి ఏదైనా దొరుకుతుందేమోనని ముందుకి వెళ్లారు. అత్తయ్య తల నాయనమ్మ ఒళ్లోకి వాలిపోయింది. నాయనమ్మ కూతురి వంక చూస్తుంది, అల్లుడి వంక చూస్తుంది... ఎవరిని కాపాడుకోవాలో తెలియక ఆవిడ పడ్డ నరకం ఇప్పుడు తలుచుకున్నా నా గుండె బరువెక్కుతుంది.

 మావయ్య నా చేతిలో మరచెంబు లాక్కుని, పక్కనే ఉన్న ఏట్లోకి దిగాడు. మడచెట్ల మధ్య పారే ఆ ఏరు సముద్రంలో కలుస్తుంది. పోటు వేళ సముద్రపు నీళ్లు దాన్లోకి ఎగదన్నుకొస్తాయి. మావయ్య ఆ నీళ్లు నాలిక్కి రాసుకుని, చెంబు నింపుకుని పైకొచ్చాడు.

"అత్తయ్య గారూ, రుచి చూడండి."

నాయనమ్మ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పన. మళ్లీ ముంచింది. ఏరు ఎటు పారుతోందో చూసింది... నీళ్లు సముద్రం వైపు నుంచి మా వైపు వస్తున్నాయి. ఆవిడ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"నువ్వు నడవలేవని సముద్రుడే ఎదురొచ్చాడే తల్లీ... తలొంచు" అని చెంబెడు నీళ్లూ కూతురి తలమీద పోసేసింది.

మాగాయ ఊట కలిపిన మజ్జిగ చెంచా చెంచా పట్టింది. నేను అత్తయ్య నోట్లో బెల్లం ముక్క పెట్టాను. చాలాసేపటికి అత్తయ్య నా వంక చూసి, "అదేమిటే బుజ్జీ, ఏడుస్తున్నావా" అంది. నా పేరు పెట్టి పిలిచింది... అప్పుడు నిజంగా ఏడ్చాను.

మిగతా దారి, ముందుకెళ్లినవాళ్లు పంపిన ఎడ్లబండి మీద వెళ్లాం.

ఇప్పుడు మా వాకింగ్ గ్రూపుతో ఆదివారాలు కొండలెక్కుతుంటాను. చెమట పడుతుంటే వట్టి నీళ్లే తాగొద్దు, ఉప్పు కూడా పడాలి అని చెప్పి మా లీడర్ ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతాడు. అది నోట్లో పడిందంటే నాకు ఆ ఏటి గట్టు గుర్తొస్తుంది. ఈమధ్య వెళ్లి చూశాను... ఎటు చూసినా రొయ్యల చెరువులే. హంసలదీవికి కార్లలో వెళ్లి, ఫొటోలు దిగి, భోజనాల వేళకి ఇల్లు చేరిపోతున్నారు. ఆకలీ లేదు, అలసటా లేదు.

అత్తయ్యకి ఇప్పుడు బీపీ. డాక్టరు గారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. నిన్న ఫోన్లో, "మళ్లీ చప్పిడే నా మొహాన రాశాడు... ఈసారి ఏ సముద్రం ఎదురొస్తుందే నాకు" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది... మావయ్యకి బీపీ లేదు, ఏమీ లేదు. అయినా ఆయన తన కంచంలోనూ ఉప్పు వేయనివ్వడం లేదట.

మీ ఇళ్లల్లో కూడా ఇలా ఒకరి కోసం ఒకరు నోరు కట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల సంగతులు కింద రాయండి, చదవాలనుంది.