కర్నూలు నుంచి ఆళ్లగడ్డకు బైకు మీద తాళిబొట్టు

మా తమ్ముడి పెళ్లికి నేను బైకు మీద వస్తానన్నప్పుడు ఇంట్లో ఒక్కరూ సరే అనలేదు, పెళ్లికొడుకు తప్ప. నేను కర్నూలులో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముప్పై నాలుగేళ్లొచ్చాక, పోయిన డిసెంబరులో, మా తమ్ముడు దావీదు తన పాత బండి మీద నాకు గేర్లు నేర్పించాడు. ఫిబ్రవరిలో లైసెన్సు చేతికొచ్చింది. అప్పటిదాకా నా ప్రయాణాలన్నీ ఇంటి నుంచి ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి నాలుగు. వెనక మనిషిని ఎక్కించుకునే ధైర్యం కూడా ఇంకా రాలేదు. లడఖ్ దాకా వెళ్లొచ్చేవాళ్లకు కర్నూలు నుంచి ఆళ్లగడ్డ, సుమారు నూట పదిహేను కిలోమీటర్లు, ఒక లెక్కే కాదు. నవ్వుకోండి. నేను మాత్రం వారం ముందు నుంచే రోజూ రాత్రి ఫోన్లో ఆ దారి మ్యాపు చూసుకున్నాను.

పెళ్లి ఈస్టరు తర్వాత వారంలో, ఆళ్లగడ్డలో అమ్మాయి వాళ్ల చర్చిలో, ఉదయం పదిన్నరకు. మావాళ్లంతా ముందురోజు మధ్యాహ్నమే వ్యానులో వెళ్లిపోయారు. నాకు డ్యూటీ ఉంది, పైగా తాళిబొట్టు ఇంకా కంసాలి దగ్గరే ఉంది. మూడేళ్ల కిందట పోయిన మా అమ్మ కమ్మలు కరిగించి చేయిస్తున్న బొట్టు అది, మధ్యలో చిన్న శిలువ. సాయంత్రానికి గానీ ఇవ్వనన్నాడు. "బస్సుకొస్తే నీ సొమ్మేం పోతాది? పెండ్లి పూట కాలో చెయ్యో ఇరగ్గొట్టుకుంటావా?" అని మా మేనత్త వ్యాను ఎక్కుతూ కూడా తిట్టింది. దావీదు మాత్రం, "అక్క బండి మీదనే వస్తాది. తాళి కూడా అక్కే తెస్తాది. ఇంగ ఆ మాట ఇడిసిపెట్టండి," అన్నాడు. అంత నమ్మకం పెట్టాక ఇక బస్సు ఎక్కే ముఖం నాకెక్కడిది?

పొద్దున ఐదుంబావుకు బయల్దేరాను. ముందురోజే ఐదు వందల పెట్రోలు పోయించి, టైర్లలో గాలి చూపించుకున్నాను. ఓర్వకల్లు రాతికొండల దగ్గరికొచ్చేసరికి తెల్లారింది. ఏప్రిల్లో ఈ దారిన వచ్చేవాళ్లు ఇంతకంటే ఆలస్యం చేయకండి, ఎనిమిది దాటితే ఎండ నెత్తినెక్కి కూర్చుంటుంది. నాలుగు వరుసల రోడ్డు బాగుంది. భయపెట్టేదల్లా లారీలే. పక్కనుంచి ఒక్కొక్కటి దాటినప్పుడల్లా గాలికి బండి అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు. టోల్‌గేటు దగ్గర బైకులకు ఎడమ చివరన వేరే దారి ఉంటుంది, ఏమీ కట్టక్కర్లేదు. ఆ సంగతి తెలియక నేను కార్ల వరుసలో బుద్ధిగా నిలబడి, వెనకవాళ్లందరితో హారన్లు కొట్టించుకున్నాను. పాణ్యం దాటి ఏడుంబావుకు నంద్యాలలో దిగేసరికి మోకాళ్లు కొయ్యబారిపోయాయి గానీ, ఆ సంతోషం ఎవరితో చెప్పుకోను!

బస్టాండు దగ్గర ఒక తోపుడుబండి మీద బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. టీతో కలిపి అరవై రూపాయలు. తింటూనే బ్యాగులోంచి డబ్బీ తీసి, తాళి ఉందో లేదో చూసుకున్నాను. అప్పటికది నాలుగోసారి. మాటిమాటికీ బ్యాగు విప్పడమెందుకని డబ్బీని పైన తొడుక్కున్న కోటు పైజేబులో వేసుకున్నాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఉగ్గాని వేసే ఆయన హెల్మెట్టు చూసి, "యాడికి పోతాండావమ్మా, ఒక్కదానివే?" అని అడిగాడు.

"ఆళ్లగడ్డకన్నా. తమ్ముని పెండ్లి."

"శిరివెళ్ల కాడ సూస్కొని పో. సర్వీసు రోడ్డు మీద గింజలు పోసింటారు."

రోడ్డు మీద గింజలుంటే నాకేం, నేనేమన్నా కోడినా అనుకుని తల ఊపేశాను.

శిరివెళ్ల దాటాక ఒక లారీ వెనకే వచ్చి చెవులు పగిలేలా హారన్ కొట్టింది. గుండె జారిపోయి, కనిపించిన చోట హైవే దిగి సర్వీసు రోడ్డు పట్టుకున్నాను. అక్కడ సగం రోడ్డు మేర మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. వాటి అంచున, బండ్లు ఎక్కకుండా, తలకాయంత రాళ్లు వరుసగా పేర్చారు. మిగిలిన సగంలో నేను పోతుంటే ఎదురుగా ఆటో వచ్చింది. తప్పుకుందామని రాళ్ల మధ్య సందులోంచి గింజల మీదికి ఎక్కి, ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గింజల మీద బ్రేకు పనిచేయదు, పడేస్తుంది. చక్రం జర్రున జారింది. బండి ఒకపక్క, నేనొకపక్క.

వేపచెట్టు నీడలోంచి ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ముందొచ్చింది గింజల యజమాని, పేరు మద్దిలేటి. "ఏందమ్మా, కండ్లు కనపడవా? రాళ్లు పెట్టింది ఎందుకు, అందానికా?" అని కేకలేశాడు. వెనక వచ్చిన ఆయన భార్య పుల్లమ్మ నా మోచేతి మీద రక్తం చూసి, "నీ నోరు పడ! ముందు పాపను లేపు," అని ఆయన్ని నెట్టి నా చేయి పట్టుకుంది. మూడో ఆమె మద్దిలేటి వదిన ఓబులమ్మ. యాభై ఐదేళ్లుంటాయి, చేతిలో చేట. నేరుగా పోయి నా బండి తాళంచెవి తిప్పి ఇంజను ఆపింది.

నేను లేచి మొదట జేబు తడుముకున్నాను. ఖాళీ. డబ్బీ రెండు ముక్కలై నాలుగడుగుల దూరంలో ఉంది. తాళి చుట్టిన గులాబి రంగు కాగితం ఉంది. తాళి లేదు.

సమయం ఎనిమిదీ నలభై. పచ్చటి గింజల్లో పచ్చటి బంగారం. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో గింజలు తవ్వడం మొదలుపెట్టాను. ఓబులమ్మ నా చేతి మీద ఫట్టుమని ఒక్కటేసింది.

"కెలకొద్దు! బంగారు బరువు గదా, కెలికేకొద్దీ అడుక్కి పోతాది. ఎవురూ తొక్కొద్దండి, యాడోళ్లు ఆడనే ఉండండి."

అప్పుడామె చేసిన పని ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. అంచున ఉన్న రాళ్లనే ఆరేడు తెచ్చి, నేను పడిన చోటు చుట్టూ, డబ్బీ దొరికిన చోటు చుట్టూ పెట్టి గిరి గీసినట్టు చేసింది. "ఇంతలోనే ఉంటాది, యాడికీ పోదు," అంది. ఒక చివర కూర్చుని, కింద రోడ్డు తేటగా కనపడేదాకా ఎత్తుకుంటూ, చేటెడు చేటెడు గింజలు తీసుకుని చెరగసాగింది. చేట వాల్చి మెల్లగా ఊపితే గింజలు ముందుకు జారిపోతాయి, బరువైనవి వెనక మిగులుతాయి. మిగిలినదాన్ని వేలితో చూసి పక్కన పోసేది. పుల్లమ్మ రెండో చేటతో ఇంకో చివర కూర్చుంది. నాకు పని చెప్పలేదు, నీళ్లచెంబిచ్చి మోచేయి కడుక్కోమన్నారు.

మొదట ఒక నట్టు దొరికింది. తర్వాత ఒక నీలం పూస. ప్రతిసారీ నా ప్రాణం లేచి కూర్చుని మళ్లీ పడుకునేది. తొమ్మిదిన్నరకు మద్దిలేటి ఫోన్ మోగింది. గింజలు తీసుకుపోయే ట్రాక్టరు పదికి రావాలి, అప్పటికి అన్నీ గోతాలకెత్తాలి. నావల్ల ఒక్క గోతమైనా నిండలేదు. ఆయన నా వైపు చూశాడు, గింజల వైపు చూశాడు. "పన్నెండుకు రాప్పా," అన్నాడు ఫోన్లో. "ఆ, ఈడ పెండ్లి పని పడినాది." ఇందాక కేకలేసిన మనిషేనా అనిపించింది. అప్పుడు ఏడ్చాను నేను, దెబ్బ తగిలినప్పుడు కాదు.

తొమ్మిదీ నలభైకి ఓబులమ్మ చేట ఊపడం ఆపింది. వెనక అంచున, రెండు చిన్న రాళ్ల పక్కన, అమ్మ కమ్మల బంగారం. నేను కేక పెట్టి దగ్గరికి పోయేలోగా ఆమె చేట కింద పెట్టి లేచి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"పుల్లమ్మా, ఇట్ల రా. తీసి పాపకియ్యి."

నాకు అర్థం కాలేదు. "నువ్వే ఇయ్యి పెద్దమ్మా," అన్నాను.

"నేను ముట్టగూడదు పాపా. పెండ్లి సొమ్ము. నా మొగుడు పోయి తొమ్మిదేండ్లాయ."

అప్పుడు చూశాను, నుదుటన బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. నాయన పోయాక మా అమ్మ కూడా ఎవరి పెళ్లికి వెళ్లినా చర్చిలో చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చునేది. ముందుకు రమ్మన్నా వచ్చేది కాదు. "గంట సేపు నడుం వంచి వెతికింది నువ్వు," అన్నాను. "చేట నీది, కండ్లు నీవి, చేతులు మాత్రం నీవి కావా? ఇది మా అమ్మ సొమ్ము. ఆమె కూడా నీ మాదిరే ఉన్నింది. నువ్వు తీసిస్తేనే తీసుకుంటా."

"తీసియ్యక్కా," అంది పుల్లమ్మ. "ఆ పాపకు లేని పట్టింపు నీకెందుకు?"

ఓబులమ్మ చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, వంగి తాళి తీసింది. "శిలువుందే," అంది.

"మేము చర్చికి పోతాం పెద్దమ్మా."

"ఏదైతే ఏంది, మెళ్లో పడితే తాళే గదా." కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టబోయింది. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. జేబు మీద నాకు నమ్మకం పోయింది.

"నువ్వే పట్టుకొని నా ఎనక కూర్చో. పెండ్లికి పోదాం."

"నేనా! ఈ చీరతోనా?" అని నోరు తెరిచింది. పుల్లమ్మ ఆమె ముఖం మీద నీళ్లు చల్లి, కొంగుతో తుడిచి, "పో అక్కా, గింజలు మేమెత్తుకుంటాం," అని తోసింది. మద్దిలేటి తన హెల్మెట్టు తెచ్చి వదిన తలకు పెట్టి బిగించాడు. ఓబులమ్మ తాళిని కొంగున ముడివేసి, ఆ ముడిని పిడికిట్లో పట్టుకుని, ఒకపక్కకు కూర్చుంది. బండి మొదట పాములా మెలికలు తిరిగింది. ముప్పై దాటకుండా, సర్వీసు రోడ్డున్నంత మేరా దాని మీదే పోయాను. దారంతా ఆమెదొకటే మాట, "మెల్లగ, మెల్లగ పో పాపా."

చర్చి ముందు ఆగేసరికి పదీ ముప్పావు. మా మేనత్త గేటు దగ్గరే ఉంది. నా గీరుకుపోయిన చేయి చూసి తిట్లు మొదలుపెట్టబోయి, వెనక నుంచి హెల్మెట్టుతో దిగిన మనిషిని చూసి, "ఈమెవురే?" అంది. దావీదు బయటికొచ్చాడు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. వాడు నేరుగా పోయి ఓబులమ్మ ముందు రెండు చేతులూ చాపి, "పెద్దమ్మా, మీ చేత్తోనే ఇయ్యండి," అన్నాడు. ఆమె ముడి విప్పి వాడి చేతిలో పెట్టింది.

లోపలికెళ్లాక ఆమె చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చోబోయింది. నేను చేయి పట్టుకుని ముందుకు తీసుకెళ్లాను, మొదటి వరుసలో అమ్మ కోసం నేను మనసులో ఉంచుకున్న చోటుకి. దావీదు తాళి కడుతుంటే నా చెవిలో, "పాపా, ఇంతకుముందు నీ బండెనక ఎవురు కూర్చున్నారు?" అని అడిగింది. "ఎవురూ లేరు, నువ్వే మొదలు," అన్నాను. "ముందే చెప్పింటే ఎక్కేదాన్నా!" అని నా తొడ మీద గిల్లింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు కాబట్టి నా అరుపు ఎవరికీ వినపడలేదు.

సాయంత్రం ఆమెను దింపడానికి వెళ్తే రోడ్డంతా ఖాళీ, రాళ్లు మాత్రం ఓ పక్కకు పేర్చి ఉన్నాయి. వాళ్లకు బిరియాని డబ్బా, దండం తప్ప నేనివ్వగలిగింది ఏమీ లేదు. ప్రయాణమంటే ఎవరి సాయమూ లేకుండా ఒక్కదాన్నే చేరుకోవడమని, అలా చేరితేనే గెలిచినట్టని ఆ పొద్దున దాకా అనుకున్నాను. నేను చేరింది వాళ్ల చేటల వల్ల, వాళ్లు ఆపుకున్న ట్రాక్టరు వల్ల. ఆ ముగ్గురికీ నేను జన్మంతా కృతజ్ఞురాలిని. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పే సలహా ఒక్కటే: ఒంటరిగా బయల్దేరినా సరే, రెండో హెల్మెట్టు వెంట పెట్టుకోండి. నేనూ కొన్నాను. మొన్న ఓబులమ్మ ఫోన్ చేసింది. తన పేరే అహోబిలం దేవుడి పేరు మీద పెట్టిందట, అయినా ఇంత దగ్గర్లో ఉన్న ఆ గుడికి పోయి తొమ్మిదేళ్లయింది, బండి మీద తీసుకుపొమ్మంది.

"నాకు టోపీ కొన్నావా పాపా?"

"కొన్నా పెద్దమ్మా."

"ఏం రంగు?"

"పసుపుపచ్చ."

"పసుపా! నాకు పసుపా?" అని రెండుసార్లు అడిగింది. "సరే," అంది. "అదే తీసుకరా."