చెయ్యి ఓర్చుకునే వేడి

దిదిమణి పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు కూలీల లైన్ల వాళ్లందరం ఆమెను అలాగే పిలిచేవాళ్లం. ఇక్కడి బంగాళీలు పంతులమ్మని పిలిచే పిలుపు అది. కబురు వచ్చినప్పుడు నేను కుళాయి దగ్గర వరసలో ఉన్నాను. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ పక్కకి తియ్యలేదు.

టికియాపారా, షాలిమార్ లైన్ల అక్కలూ చెల్లెళ్లూ, మీరు ఆమె గురించి రాసి పంపమన్నారు. నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి. మన్నించండి. నలుగురిలో నోరు విప్పడం చేతకాక రాస్తున్నాను.

ఆమె ఓడరేవు డాక్ కార్మికుల పిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఒక్కరే ఉండేవారు. సంచిలో ఎప్పుడూ ఒక చెంచా ఉండేది. టీ ఇస్తే తాగేముందు గ్లాసుకి అరచెయ్యి ఆనించి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకునేవారు. దేవుణ్ణి తలుచుకుంటున్నారని చాలాకాలం అనుకున్నాను.

మా పాపకి తొమ్మిది నెలలప్పుడు చోడి అంబలి, అదే రాగి జావ, చిక్కగా పెడితే నాలుకతో తోసేసేది. పలచగా చేస్తే కడుపు నిండేది కానీ ఒంటికి పట్టేది కాదు. నెలనెలా పిల్లల్ని తూచే తూకాల రోజున కార్డు మీద బరువు గీత కిందికి దిగింది. వచ్చే నెలా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలని తూకం వేసే ఆవిడ చెప్పింది. నేను కొంగు కప్పుకుని, ఒక్క మాటా అడక్కుండా బయటికొచ్చేశాను. తూకాల దగ్గర సాయానికొచ్చిన దిదిమణి నా వెనకే వచ్చి ఒక పొట్లం చేతిలో పెట్టారు. చోళ్లు మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన పిండి. అంబలి చిక్కగానే వండి, చెయ్యి ఓర్చుకునే వేడికి దిగాక ఒక చెంచా కలపమన్నారు. జారుగా అవుతుంది, బలం మాత్రం తగ్గదన్నారు.

విన్నాను గానీ భయపడ్డాను. పాపకి విరేచనాలు పట్టుకున్నప్పటి నుంచీ మా ఇంట్లో దాని నోట్లోకి వెళ్లేదేదైనా కుతకుతా మరగాల్సిందే. అది మా అత్త పెట్టిన నియమం. అందుకని పొట్లంలో పిండి మరుగుతున్న అంబలిలోనే వేశాను. ముద్ద ముద్దగానే ఉంది. మర్నాడు అత్త చూడకుండా, పూర్తిగా చల్లారాక వేశాను. అప్పుడూ అంతే. పిండి పాడైందేమో అనుకున్నాను, అడగడానికి సిగ్గు. అలా నాలుగు రోజులు పాడుచేశాను. పాప మెడ నిలపడం కూడా మానేసింది.

ఐదో రోజు ఆమే వచ్చి ఎలా ఉందని అడిగితే తల దించుకున్నాను. అత్తే జవాబు చెప్పింది. “నీ పిండి పనిసెయ్యనేదు దిదిమణీ. దీన్ని అడిగితే నోరిప్పదు.”

ఆమె కోప్పడలేదు. మూడు గిన్నెల్లో అంబలి పోయించి, ఒకటి పొయ్యి మీదే మరగనిచ్చారు, ఒకటి చల్లార్చారు, మూడోదానికి నా అరచెయ్యి ఆనించారు. పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే అదే సరైన వేడి. మూడింటిలోనూ చెంచా చెంచా కలిపి కూర్చున్నాం.

మొలకలో ఎంజైము అని ఒకటుంటుందట, అంబలిని చిక్కబరిచే గంజిని చిన్న చిన్న ముక్కలు చేస్తుందట. ఆమె నన్ను అడిగారు, “చలిలో మీ ఆయన డ్యూటీకి ఎలా లేస్తాడు?”

నాకు నవ్వొచ్చింది. “లేపితే లేస్తారు.”

“ఇదీ అంతే. చల్లటి దాంట్లో పడుకుంటుంది, వెచ్చబెడితే లేస్తుంది. మరిగే దాంట్లో చచ్చిపోతుంది. తర్వాత ఎంత చల్లార్చినా లేవదు.”

కాసేపటికి మూడో గిన్నెలో చెంచా తిప్పితే అంటుకోకుండా, పాలలో తిప్పినట్టు తిరిగింది. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. అత్త వంగి చూసి, “ఏటే, నీళ్లెప్పుడు పోసీసినావు?” అంది.

“పొయ్యలేదత్తా,” అన్నాను. ఆ ఇంట్లో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే.

అత్త నియమం కూడా నిలవాలి గనక దాన్ని ఇంకోసారి మరిగించమన్నారు దిదిమణి. మళ్లీ చిక్కబడిపోతుందని గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. “పనంతా అయిపోయింది కదమ్మా. ఇప్పుడది చచ్చిపోయినా చేసిన పని పోదు,” అన్నారు.

పాప గిన్నె ఖాళీ చేసింది. నెల తిరిగేసరికి గీత కిందికి దిగడం ఆగింది, ఆ పై నెల పైకి లేచింది.

అప్పటి నుంచి ప్రతి తూకాల రోజూ ఆమె మూడు గిన్నెలు పెట్టి తల్లులకి చూపించేవారు. నేను వెనక నిలబడి చెంచాలు కడిగేదాన్ని. ఆమె జబ్బుపడి ఆసుపత్రిలో ఉండగా చివరిసారి చూసినప్పుడు టీ తీసుకెళ్లాను. ఆమె చెయ్యి లేవలేదు. నేనే గ్లాసుకి అరచెయ్యి ఆనించి లోలోపల లెక్కపెట్టాను. ఆమె కళ్లు తెరిచి, “పైకి లెక్కపెట్టు. వెనకున్నవాళ్లకీ వినపడాలి,” అన్నారు.

వచ్చే వారమే తూకాల రోజు. ఇక ఎవరు చూపిస్తారని తూకం వేసే ఆవిడ అడిగితే నేనని చెప్పాను. చోళ్లు గుడ్డలో కట్టాను. చలికి మొలక ఆలస్యమవుతోంది; మూట పొయ్యి దగ్గరికి జరిపాను. మీ లైన్లకీ వస్తాను, పిలవండి.

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేసేయండి. నా రాత ఎవరి కంటా పడనివ్వకండి. ఆ మంట మీదే అంబలి ఉడకనివ్వండి. తర్వాత దించి, గిన్నెకి అరచెయ్యి ఆనించి, పదిదాకా లెక్కపెట్టండి. పైకే.