ఆల్ట్ మీది వేలు

ఎవరైనా ఊపిరి బిగబడితే చాలు, నాకు మా టైపింగ్ అక్క గుర్తొచ్చి నవ్వాగదు. నారాయణఖేడ్ డిపో ఎదుటి దుకాణంలో నేను జిరాక్సులు తీసేదాన్ని, ఆమె పెండ్లి కార్డులు టైపు చేసేది. కీబోర్డు మీద లేని గుర్తు కావాలంటే ఆల్ట్ బటన్ నొక్కిపట్టి అంకె కొట్టాలి. మూడు కొడితే లవ్ గుర్తు. కానీ ఆల్ట్ మీంచి వేలు తీస్తేనే అది తెర మీద పడుతుంది. అంతసేపూ అక్క ఊపిరి బిగబట్టేది. ఆమెను చూసి మేమూ బిగబట్టేవాళ్లం. వేలెత్తగానే "పడ్డదీ!" అని దుకాణమంతా ఒకటే అరుపు.

ఒకసారి కల్హేర్ నుంచి ఒకతను దోస్తు పెండ్లి కార్డని వచ్చాడు. పేర్లు తర్వాత చెప్తానని, ముందు ఒక లవ్ గుర్తు పెట్టించుకుని పోయాడు. మర్నాడొచ్చి ఇంకొకటి పెట్టమన్నాడు. సంతనాడు మళ్లీ వచ్చాడు.

"ఏందన్నా, లవ్ గుర్తులు గిన్నైనయ్, పేర్లేవి?" అంది అక్క.

"ముందుగాల గా అన్న అనుడు బంద్ చెయ్యి," అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి.

అక్క ఆల్ట్ నొక్కిపట్టి మూడు కొట్టింది. వేలు మాత్రం తీయలేదు.

"గీ పెండ్లి ఎవలది? చెప్పేదాంక వేలు తియ్య."

"ఎవలదీ గాదు. నువ్వు ఒప్పుకుంటే మనది."

జిరాక్స్ మిషన్లో కాగితం ఇరుక్కుంది. నేను కదిలితే ఒట్టు. బిగబట్టిన ఊపిరికో, ఆపుకున్న నవ్వుకో అక్క బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి. అతని వైపే చూస్తూ మెల్లగా వేలెత్తింది.

"పడ్డదీ!"

ఈసారి అందరికన్నా ముందు అరిచింది అతనే.