మందు తాగిన లచ్చన్న

కాశీనాథ్‌ను ఆర్మూర్‌లో అందరూ టీవీ కాశీనాథ్ అనేవారు. టీవీ అంటే ఏదో పెద్ద టీవీ అనుకునేరు, కాదు. మా ఊరి కేబుల్. స్తంభాలకు వైర్లు కట్టి ఇంటింటికీ సినిమాలు చూపించే వెంకటరాజం సేటు, తొంభై ఏడులో ఆ సినిమాకు ముందు కాసేపు లోకల్ న్యూస్ అని మొదలుపెట్టాడు. రిపోర్టర్ కాశీనాథ్, కెమెరా నాది. గంగారాం వీడియో అంటే పెండ్లిళ్లకు పేరు. ముహూర్తాలు లేని రోజుల్లో కాశీనాథ్ నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని తిప్పేవాడు. నాకు మాత్రం వార్తలంటే మొదటినుంచీ పడదు. పెండ్లిలో తిండన్నా దొరుకుతుంది.

సేటు పెట్టిన షరతు ఒకటుంది. వార్తల్లో మన మాట వినపడొద్దు, హైదరాబాద్ వార్తల్లాగా పుస్తకాల తెలుగు ఉండాలి. కాశీనాథ్ ఏమో నోటికొచ్చినట్టే రాసేవాడు, పోయిండు, వచ్చిండు, గట్లయింది అని. దాన్ని సేటు తమ్ముడి బిడ్డ వసుమతి దిద్ది, పౌడర్ వేసుకుని, కెమెరా ముందు కూర్చుని చదివేది. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ హైదరాబాద్ హాస్టల్లో పెరిగింది. పోయిండును వెళ్లారు అనేది. రైతులు గోస పడుతున్నరు అని రాసిస్తే అన్నదాతలు స్వల్ప ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు అని చదివేది. గోసకూ స్వల్పానికీ ఏం చుట్టరికమో ఆ దేవుడికే తెలియాలి.

ఈ సంగతి జరిగిన వారం పసుపు సీజన్ మంచి ఊపు మీదున్నది. సోమవారం చీరల దుకాణం ఓపెనింగ్, రిబ్బన్ కత్తిరించేది మా సేటే. మర్నాడు మంత్రి వస్తాడంటే మాక్లూర్ రోడ్డు మీద ఎండలో మాడిపోయాం, ఆయన రాలేదు. రాలేదన్నది కూడా వార్తే. బుధవారం మబ్బులు కమ్ముకుని ఒక్కసారిగా వాన కొట్టింది. మార్కెట్ యార్డుకు ఉరికాం. రైతులు పసుపు కుప్పల మీద దుప్పట్లు, సంచులు, చివరికి భుజాల మీది తువ్వాళ్లు కప్పుతున్నారు.

లచ్చన్నను నేను చూసింది అక్కడే. నందిపేట్ దిక్కు ఊరి రైతు. పసుపు తెచ్చి పోసి చాలా రోజులైంది. కొనేవాళ్లు రోజూ వచ్చి, ఒక కొమ్ము విరిచి చూసి, ఏమీ అనకుండా పక్క కుప్పకు పోతున్నారు. ఆయన పసుపు దింపిన, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం మా సేటు బావమరిదిది. కెమెరా పెడితే లచ్చన్న నానిన కొమ్ము ఒకటి విరిచి, లోపలి రంగు నాకు చూపించి, మళ్లీ కుప్పలో వేశాడు. సేటు ఆ ముక్క వేయనీయలేదు. ఆ రోజు వసుమతి చదివింది, ఆర్మూర్‌లో చిరుజల్లులు, ఎండల నుంచి ప్రజలకు ఉపశమనం అని. ఉపశమనమట! నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారి లచ్చన్న ఇంటికి పోయి, చేనుకు కొట్టే మందు తాగాడు. దవాఖానకు తెచ్చేలోపే పోయాడు. మేం పోయి శవం ముందు నిలబడ్డామో లేదో సేటు కబురు, నవీపేట్‌లో వాలీబాల్ పోటీలకు తాను ముఖ్య అతిథి, వెంటనే రావాలని. కాశీనాథ్ స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి గబగబా రాశాడు. "లచ్చన్న అనే రైతు మందు తాగి సచ్చిపోయిండు." కాగితం వసుమతి వార్తలు చదివే కంట్రోల్ రూముకు పంపి మేం నవీపేట్ పోయాం.

మా దిక్కు మందు తాగి సచ్చిండు అంటే పురుగుల మందే. ఆ ముక్క చిన్న పిల్లలకు కూడా తెలుసు. సారా తాగినవాణ్ని ఉత్తగా తాగి సచ్చిండు అంటాం, మందు పేరెత్తం. ఈ తేడా హాస్టల్లో వసుమతికి ఎవరు చెప్తారు? మందు అన్న మాట మోటుగా కనపడింది ఆమెకు. శుభ్రం చేసి చదివింది: "మద్యం అతిగా సేవించి రైతు మృతి." అతిగా అన్నది ఆమె తన తరఫున వేసిన ధర్మం.

శుక్రవారం పొద్దున్నే లచ్చన్న భార్య అంజవ్వ కంట్రోల్ రూముకు వచ్చింది. మగడు పోయిన ఆడది అప్పుడే గడప దాటకూడదు. అయినా వచ్చింది. వాళ్ల ఊరికి కేబుల్ వైరు కొత్తగా పడింది, ఊరంతా ఆ వార్త చూసింది. ఏడవలేదు ఆమె. తలుపు పట్టుకుని నిలబడి కాశీనాథ్‌తో అన్నది:

"మా ఆయన కల్లు సుత ముట్టలే సారూ. దావతుల గూడ పక్కకు కూసునేటోడు. గా ఒక్క మాట సదిరి చెప్పుండ్రి. నాకు ఇంకేం వద్దు."

"చెప్పిస్త అక్కా. నాది జిమ్మేదారి" అన్నాడు కాశీనాథ్.

సేటు దగ్గరికి పోయాడు. నేను బయట నిలబడి విన్నాను. మొదట కాశీనాథ్ గొంతు పెద్దగా వినపడింది, తర్వాత సేటు గొంతే వినపడింది.

"పురుగుల మందు అని చెప్తే ఎందుకు తాగిండని అడుగుతరు. అప్పుడు నా బావమరిది దుకాణం పేరు చెప్తవా? సచ్చినోడు తాగుబోతైతే ఎవ్వలకు నష్టం లేదు."

కాశీనాథ్ బయటికి వచ్చి, సేటు సోమవారం చూద్దామన్నాడని చెప్పాడు. సోమవారం ఏం చూస్తారు? నేను మొహం మీదే అన్నాను, నీదీ ఒక బతుకేనా అని. వాడు స్కూటర్ స్టార్ట్ చేశాడు. శనివారమంతా నన్నెక్కించుకుని తిరుగుతూనే ఉన్నాడు, బడి వార్షికోత్సవానికి, కొత్త ట్రాక్టర్ల షోరూముకు, ఎవరిదో పుట్టినరోజుకు. ఎక్కడికి పోయినా మైకు పట్టుకుని నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు చూస్తే నాకు అసహ్యమేసింది, జాలి కూడా వేసింది. ఇంట్లో ఆడపిల్లలిద్దరు, చేతిలో వేరే పని లేదు.

ఆదివారం లచ్చన్నకు పిట్టకు పెట్టే దినం. చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆశ తీరినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కెమెరా లేకుండా పోయాం ఇద్దరం. అన్నం, చింతపండు చారు, బెల్లం గారెలు, బీడీ కట్ట, అన్నీ అంజవ్వే పెట్టింది. కాకులు చెట్ల మీద కూర్చుని అరుస్తున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు లచ్చన్న అన్న గంగాదాస్ జేబులోంచి చిన్న సారా సీసా తీశాడు. అంజవ్వ అడ్డం వచ్చింది.

"జరుగు. టీవీల ఉత్తగనే చెప్తరా? మనకు తెల్వకుంట తాగేటోడు గావచ్చు. సచ్చినంక గూడ దాచుడెందుకు" అన్నాడు గంగాదాస్. విస్తరి పక్కన దొప్పలో పోసి వెనక్కి వచ్చాడు.

కాసేపటికి కాకి దిగింది. విస్తరి ముట్టింది. జనమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హమ్మయ్య, ఆశ తీరింది అన్నది ఒక ముసలామె.

అంజవ్వ ఆ కాకిని చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత నెమ్మదిగా మా దగ్గరికి వచ్చింది. వార్త సదిరిండ్రా అని అడుగుతుందేమో, ఏం చెప్పాలో అని కాశీనాథ్ తల వంచుకున్నాడు. ఆమె అది అడగలేదు.

"సారూ, మీరు ఊరూరు తిరిగేటోళ్లు. మీకు ఎరుకుంటది. నిజం చెప్పుండ్రి, ఆయన నాకు తెల్వకుంట తాగేటోడా?"

లేదని కాశీనాథ్ తన బిడ్డల మీద ఒట్టేసి చెప్పాడు. ఆమె నమ్మలేదు.