సిరా జల్సాకు నేను చూపిన చోటు

ఆ మున్షీ అంటే నాకు కడుపుమంట. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత నేను రాసేదంతా ఆ మంటలోంచి చూసిందే. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది.

మాది హుస్సేనీ ఆలం. మా బాపు బర్రెలను మేపి, పెద్ద ఇళ్ళకు పాలు పోసేవాడు. అన్నలు అదే పనిలో ఉన్నారు. నాకు పేడ వాసన పడక, పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఉన్న సిరా కార్ఖానాలో కుదిరాను. కార్ఖానా అని పేరే కానీ, అప్పుడు అక్కడ ఉన్నవి రెండు పొయ్యిలు, మూడు ఇనుప కడాయిలు, నేను, మా మాలిక్. మాలిక్ చొక్కా చేతులు పైకి మడిచి నాతో పాటు కడాయి కలిపేవాడు. ఇద్దరికీ మోచేతుల దాకా నలుపే. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరు మాలిక్, ఎవరు నౌకరు అని ఒక్క క్షణం ఆగి చూసేవాళ్ళు. ఆ ఒక్క క్షణం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మధ్యాహ్నం కరక్కాయల బస్తా మీద కూర్చుని ఇద్దరం రొట్టె తినేవాళ్ళం. తొమ్మిదేళ్ళు అట్లా నడిచింది.

తర్వాత లెక్కలు, ఉత్తరాలు రాయడానికి ఈ మున్షీ వచ్చాడు. నాకంటే చిన్నవాడు. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మూడూ రాస్తాడు. మాలిక్ అతనికి కుర్చీ వేయించాడు. ఎక్కడ వేయించాడు? మేము బస్తా వేసుకుని తిన్నచోట. పొయ్యి దగ్గర నిలబడితే ఆ కుర్చీ నాకు నేరుగా కనపడేది. మాలిక్ ఇప్పుడు చేతులు కడుక్కుని, అతని పక్కన కూర్చుని కాగితాలు చదివించుకునేవాడు. నేను కడాయి కలుపుతూ వాళ్ళ వీపులు చూసేవాడిని.

యుద్ధం రోజులు. సీమ సిరా బజార్లో దొరకడం లేదు. ఫౌంటెన్ పెన్ను ఉన్నవాళ్ళు మా దుకాణానికి వచ్చి అడిగేవాళ్ళు, మా సిరా పోస్తే పెన్ను మూసుకుపోయేది. అది కలంపుల్లకు పనికొచ్చే చిక్కని సిరా. ఏడాది పాటు తిప్పలు పడి పెన్ను సిరా తయారు చేశాను. బంక తగ్గించాను, బావినీళ్ళు మాని వాననీళ్ళు పట్టి ఉంచాను, మల్లు గుడ్డలో మూడుసార్లు వడగట్టాను. రాసినప్పుడు పలచగా కనపడి, ఆరే కొద్దీ నల్లబడేది. మాలిక్ తన పెన్నులో పోసుకుని నెల రోజులు రాశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడు మాలిక్‌కు ఒక ఆలోచన వచ్చింది. అఖ్బారు వాళ్ళను పిలిచి జల్సా, అంటే సభ, చేయాలి. ఉర్దూ పత్రికల వాళ్ళు, తెలుగు పత్రిక వాళ్ళు, సికింద్రాబాదు నుంచి ఇంగ్లీషు పత్రిక ఆయన. ఒక్కొక్కరి ముందు ఒక సిరా బుడ్డి, ఒక పెన్ను, నాలుగు కాగితాలు పెట్టాలి. జల్సాలో విన్నది వాళ్ళు మా సిరాతోనే రాసుకుపోవాలి. సిరా ఎట్లా తయారైందో ఒకరు మాలిక్ పక్కన కూర్చుని చెప్పాలి.

ఆ ఒకరు నేనే అనుకున్నాను. ఇంకెవరు? కరక్కాయ నానబెట్టింది నేను, అన్నభేది కలిపింది నేను. నాకు అక్షరం ముక్క రాదు, అయినా నా నోటి మాట అచ్చులో పడుతుంది. హోటల్లో ఎవరో పేపర్ చదువుతుంటే మా అన్నలు వింటారు. ఈ ముచ్చట తలచుకుని వారం రోజులు సరిగా నిద్రపోలేదు.

చోటు చూడమని మాలిక్ మా ఇద్దరికీ చెప్పాడు. మున్షీ ముందుగా చూపించాడు. పత్తర్‌గట్టి రాతి దుకాణాల పై అంతస్తులో వ్యాపారులు కూడే హాలు. పొడుగాటి బల్లలు, బెంచీలు, రెండు పక్కలా కిటికీలు. ముగ్గురం వెళ్ళాం. మున్షీ ఒక బెంచీ మీద కూర్చుని, కాగితం పెట్టి ఏదో రాశాడు. వెలుగు చూశాడు. లేచి ఇంకో బెంచీ మీద కూర్చుని మళ్ళీ రాశాడు. నా ముందర చదువు చూపిస్తున్నాడని పళ్ళు కొరుక్కున్నాను. మాలిక్ బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసి, బాగుందన్నాడు. తర్వాత మున్షీ భుజం తట్టి, జల్సాలో నా పక్కన నువ్వే కూర్చుని చెప్పు, నీకైతే మాటలు పద్ధతిగా వస్తాయి అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నన్ను చూడలేదు.

మర్నాడు ఆ హాలు ఖాయం చేసి రమ్మని మాలిక్ నన్నే పంపాడు. నేను మెట్లు ఎక్కలేదు. కింద హోటల్లో కూర్చుని చాయ్ తాగాను, రెండోసారి కూడా తాగాను, వెనక్కి వచ్చి, ఆ రోజు ఎవరిదో పెళ్ళి ఉందట, ఇవ్వరట అని చెప్పాను. అబద్ధం చెప్పడం అంత తేలిక అని నాకు అప్పుడే తెలిసింది. మాలిక్ మరి ఏం చేద్దామని తల పట్టుకున్నాడు. నేను చూసిపెట్టిన చోటు ఒకటుందని అన్నాను.

హుస్సేనీ ఆలంలో ఒక పాత నవాబు దేవిడీ, పెద్ద భవంతి, ఉండేది. నవాబు కుటుంబం బయట బంగ్లాకు వెళ్ళిపోయింది. దాన్ని చూసుకునే ముసలాయనకు మా బాపు ముప్పై ఏళ్ళు పాలు పోశాడు. లోపల పెద్ద వాకిలి, మూడు వైపులా కమానుల వరండా, నడుమ నీళ్ళ హౌజు. పొద్దు వాలితే సగం వాకిలి నీడ. హౌజు మీదుగా గాలి వస్తే చెమట ఆరిపోయేది. మాలిక్‌ను సాయంత్రం అసర్ నమాజు వేళకు కావాలనే తీసుకుపోయాను. ఆయన హౌజు గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

“కమాల్ చేసినవ్ రా. గిసుంటి జాగ ఉందని ఇన్నేండ్లు చెప్పనే లేదు. చోటు నీది, ముచ్చట కూడా నువ్వే చెప్పు.”

ఆ రోజు కార్ఖానాకు తిరిగి వచ్చి మున్షీ కుర్చీని కాలితో కొంచెం పక్కకు జరిపాను. చిన్న పనే. ఇప్పటికీ గుర్తుంది.

చోటు తయారు చేయడంలో నేనేం తక్కువ చేయలేదు. ఎండ ఎక్కడ పడుతుందో నాలుగు రోజులు వెళ్ళి చూశాను. చెప్పులు ఎక్కడ విడవాలి, షర్బత్ ఏ పక్క నుంచి రావాలి, అన్నీ ఆలోచించాను. పెళ్ళివారికి కూడా వేయనట్టు రెండేసి పరుపులు వేయించి, వాటి మీద ఉతికిన తెల్ల దుప్పట్లు పరిపించాను. వీపుకు బాలీసులు. వచ్చినవాళ్ళు కూర్చోగానే హాయిగా దిగబడాలని నా ఆశ.

జల్సాకు ఇంకా రెండు రోజులుందనగా మున్షీ పొయ్యి దగ్గరకు వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

“అన్నా, నేను హాలు దిక్కు పోయిన. ఆ రోజు ఖాళీగనే ఉందట కదా.”

నేను కడాయి కలపడం ఆపలేదు. “అయితే పోయి మాలిక్‌కు చెప్పు. నీకు నోరుంది, కుర్చీ ఉంది.”

“చెప్పనే. చెప్పేదుంటే నీ దగ్గరికి ఎందుకొస్త? జాగ మంచిగుంది, నేను కూడా చూసిన. ఒక్కటే అడుగుత. ఆడ దేని మీద పెట్టి రాస్తరు?”

“కాయితం మీద రాస్తరు. గది కూడా నాకు తెల్వదనుకున్నవా? చదువు రాకున్నా కండ్లు ఉన్నయ్.”

అతను ఇంకేదో అనబోయి, నా మొహం చూసి వెళ్ళిపోయాడు. నాకు చదువు రాదని పొడవడానికే వచ్చాడనుకున్నాను. నిజం చెబుతున్నాను, అతని ప్రశ్న నాకు అర్థం కాలేదు. రాయడం అంటే నేను చూసింది మనిషి, పెన్ను, కాగితం. కాగితం కింద ఏముంటుందో నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరం నాకేం వచ్చింది?

జల్సా రోజు అందరూ వచ్చారు. చెప్పులు, బూట్లు విడిచి, పరుపుల మీద కూర్చుని, గాలికి హా అన్నారు. ఇంగ్లీషు పత్రిక ఆయన పంట్లాంతో కింద కూర్చోవడానికి కొంచెం తంటాలు పడ్డాడు. మాలిక్ పక్కన నేను. ఉతికిన షేర్వానీ, ఎవరిదో అడిగి తెచ్చుకున్నది. ఒక్కొక్కరి ముందు బుడ్డి, పెన్ను, కాగితాలు. మున్షీ కనపడలేదు. కుళ్ళుకుని ఇంట్లో కూర్చున్నాడనుకుని మనసులో నవ్వుకున్నాను.

మాలిక్ సైగ చేయగానే మొదలుపెట్టాను. కరక్కాయ ఎట్లా ఏరాలో, ఎన్నాళ్ళు నానాలో చెప్పి, నానిందా లేదా అన్నది కంటికి కాదు, ముక్కుకు తెలుస్తుందని, వాసనే చెబుతుందని అన్నాను. మాట ఎక్కడా తడబడలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. అప్పుడు చూశాను, ఎవరూ రాయడం లేదు.

ప్రయత్నించలేదని కాదు. ఉర్దూ పత్రిక ముసలాయన కాగితం పరుపు మీద పెట్టి నొక్కగానే పెన్ను ములికి కాగితంలోంచి దూసుకుపోయి దుప్పట్లో దిగింది. పక్కాయన మోకాలి మీద పెట్టి చూశాడు, మోకాలికి మచ్చ పడింది. ఒక్కరు కదిలితే పరుపు కదిలేది, పరుపు కదిలితే బుడ్డి ఒరిగేది. అందరూ ఒక చేత్తో బుడ్డి పట్టుకుని, రెండో చేత్తో బట్టలు కాపాడుకుంటున్నారు. ఒక బుడ్డి పడనే పడింది. మొదట పలచగా పారింది. తర్వాత, నేను అంత కష్టపడి చేసినట్టే, చూస్తుండగా నల్లబడింది. ఇంగ్లీషు పత్రిక ఆయన పెన్ను మూత బిగించి పక్కన పెట్టి, షర్బత్ తీసుకున్నాడు.

నేను చెబుతూనే ఉన్నాను. ఆపితే ఏం చేయాలో తెలియలేదు. వాననీళ్ళు, బంక, మల్లు గుడ్డ, అన్నీ చెప్పాను. నా మాటలు ఒక్కటీ కాగితం మీద పడలేదు.

నా ముచ్చట అయిపోయే వేళకు మున్షీ దర్వాజాలో కనపడ్డాడు, వెనక తోపుడుబండి. బండి నిండా మా సిరా పెట్టెల మూతలు, చేవ పలకలు. రెండు రోజులు కూర్చుని వాటికి పేళ్ళు లేకుండా నున్నగా గీకించి, ఒక్కోదాని మూలన బుడ్డి దిగేటంత గుంత తొలిపించాడట. చివరిది పూర్తయ్యేసరికి ఆలస్యమైందట. ఎవరినీ ఏమీ అనకుండా ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో పలక పెట్టుకుంటూ వచ్చాడు. నా దగ్గరకు వచ్చినప్పుడు నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడం నన్ను కాల్చింది. నవ్వినా బాగుండేది.

వాకిలి అంతా ఒక్కసారిగా పెన్నుల గీకుడు వినపడింది. మాలిక్ మొహం విప్పారింది. మున్షీని దగ్గరకు పిలిచి, ఇప్పుడు నువ్వు కూడా నాలుగు మాటలు చెప్పమన్నాడు. నేను లేచాను. షర్బత్ చూసి వస్తానని చెప్పి బయటికి నడిచాను. షర్బత్ ఒక వంక, అంతే. గల్లీ మొదట మా అన్న పాలకొట్టు దగ్గర నిలబడి, జల్సా ముగిసి జనం బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. అతని మాటలు అందరూ రాసుకుంటుంటే పక్కన కూర్చుని వినే ఓపిక నాకు లేదు.

మూడో రోజు తెలుగు పత్రిక వచ్చింది. మున్షీ దాన్ని పొయ్యి దగ్గరకే తెచ్చి చదివాడు. చోటును మెచ్చుకుంటూ నాలుగు వరుసలు, హౌజు, చల్లగాలి, తెల్లని పరుపులు. తర్వాత సిరా గురించి. “కరక్కాయ నానినదీ లేనిదీ కంటికి గాక ముక్కుకే తెలియును, వాసనయే చెప్పును అని కంపెనీ మున్షీగారు వివరించిరి.”

“గది నా మాట,” అన్నాను.

“నీ మాటనే అన్నా. నువ్వు చెప్పినప్పుడు రాసుకోలేకపోయిన్రని మల్ల చెప్పిన. మా సిరా కాచే పెద్దాయన చెప్పిండని నీ పేరు చెప్పే మొదలువెట్టిన. వాళ్లు గిట్ల రాసుకున్నరు.”

“నువ్వు చెప్పనే లేదు. చెప్తే ఎందుకు రాయరు?”

అతను పేపర్ మడిచి నా చేతికిచ్చాడు. “నువ్వు ఉంటివి కదా, వినలేదా?”

నేను పేపర్ నడుముకు దోపుకుని కడాయి వైపు తిరిగాను.

అతను చదివింది కూడా నేను నమ్మలేదు. నా పేరు అందులోనే ఉంది, మింగేశాడు అనుకున్నాను. పేపర్ తీసుకుని ఇద్దరు ముగ్గురితో చదివించాను. అందరూ అదే చదివారు. అందరూ అతని మనుషులే అనిపించింది. మాలిక్‌ను అడగొచ్చు, ఆయన అక్కడే కూర్చున్నాడు, విన్నాడు. అడిగితే నువ్వెక్కడ పోయావని ఆయన అడుగుతాడు. మున్షీకి కోపం వస్తే హాలు సంగతి బయటపడుతుంది. రెండేళ్ళు నోటిదాకా తెచ్చుకుని మింగాను. ఆ తర్వాత మున్షీ రైల్వేలో కొలువు దొరికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు మాలిక్ కాలం చేశాడు.

నలభై ఆరో ఏట నేను అక్షరాలు నేర్చుకున్నాను. గ్రంథాలయంలో పొద్దున పూట పెద్దవాళ్ళకు చెప్పే పంతులు దగ్గర. జ్ఞానం కోసమని పంతులు అందరికీ చెప్పేవాడు. నా సంగతి అది కాదు. ఆ పేపర్ నేను స్వయంగా చదవాలి, అంతే. ఒత్తులు వచ్చిన రోజు ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. అతను చదివింది చదివినట్టే ఉంది. ఒక్క అక్షరం మింగలేదు.

కానీ జల్సాలో అతను నా పేరు చెప్పాడా లేదా అన్నది పేపర్లో లేదు. అది ఎంత చదువు వచ్చినా దొరికేది కాదు. దేవిడీ వాకిట్లో, మాలిక్ పక్కన, నేను అబద్ధమాడి సంపాదించుకున్న చోట, ఇంకో పావుగంట కూర్చుని ఉంటే నా చెవులతో వినేవాడిని. నేను పాలకొట్టు దగ్గర నిలబడి ఉన్నాను.

చెప్పే ఉంటాడు. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి సాగడం లేదు.