వెనక సీట్లో పది పలకలు

నిన్న బడి నుంచి వస్తుంటే పెద్దారవీడు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేసరికి డిక్కీలోంచి 'టింగ్' మని సన్నటి చప్పుడు వచ్చింది. వెనక సీట్లో కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్న దీవెన, "పెద్దమ్మా, నీ పలక మోగింది" అంది. దీవెన మా విజయ కూతురు. విజయ నాతోపాటు ఒకే బడిలో తెలుగు చెబుతుంది. నేను కారు పక్కకి ఆపి, డిక్కీలో గోనెపట్టా సడలి బయటికి వచ్చిన పలక తీసి మెటికతో కొట్టి చూశాను. మళ్లీ టింగ్ మంది. బాగానే ఉంది. పలకలకి పేరుపడ్డ మా మార్కాపురంలో పలకని కంటితో చూస్తే సరిపోదు, చెవితో వినాలి. నాకు ఆ వినడం నేర్పినవాడు దేవసహాయం పెదనాయన.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాయన స్నేహితుడు. దోర్నాల రోడ్డు మీద లారీల అడుగున బరువు మోసే ఉక్కు పట్టీలు, కమాన్ కట్టలు చేసే దుకాణం ఆయనది. రేకుల షెడ్డు, బొగ్గుల కొలిమి, ఎర్రగా కాలిన పట్టీని నూనెలో ముంచగానే గుప్పుమనే పొగ. వయసులో ఉండగా పలకల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టేవాడట. పెట్టెలో పలకల్ని నిలువుగా పేర్చి మధ్యలో వరిగడ్డి దోపడం ఆయన పని. అంత జాగ్రత్తగా కట్టినా కొన్ని లారీల్లో పలకలు పగిలేవి, కొన్నిట్లో పగిలేవి కావు. ఎందుకు అని వెతుక్కుంటూ పోయి కమాన్ల పనిలో పడ్డాడు. దుకాణానికి ఏ బండి వచ్చినా మూడు ప్రశ్నలు అడగనిదే స్పానర్ ముట్టేవాడు కాదు. "ఏడికి పోతాది? ఏం మోస్తాది? ఎవరు కూసుంటారు?" ఆ మూడో ప్రశ్న లారీ డ్రైవర్లకి నవ్వు తెప్పించేది.

నేను పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందనీ, తెలిసింది గోరంతైనా చెప్పేది కొండంత అనీ మా ఇంట్లో పేరు. దీవెన పుట్టకముందు సంగతి ఇది. అప్పటికి నేను పాత చిన్న కారు ఒకటి కొని ఏడాది అయింది. రోజూ మార్కాపురం నుంచి బడికి నేనూ, విజయా, ఇంకో ఇద్దరు టీచర్లూ అందులోనే పోయేవాళ్లం. నలుగురం ఎక్కితే కారు వెనక కుంగిపోయేది. గుంతలో పడితే అడుగున దబ్ మని తగిలేది. విజయకి అప్పుడు ఆరో నెల. అంతకుముందు ఒక కాన్పు మధ్యలోనే పోయింది. పనికి పోవచ్చు గానీ కుదుపులు మాత్రం వద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఉన్న సెలవులన్నీ బిడ్డ పుట్టాక వాడుకోవాలని విజయ ఆశ. "నీ కారే నాకు దిక్కు అక్కా" అనేది. కారు దబ్ మన్నప్పుడల్లా ఆమె చెయ్యి పొట్ట మీదికి పోవడం అద్దంలో కనిపించేది.

ఫోన్లో వెతికాను. డ్రాగ్ రేసు కార్లకి వేసే గట్టి స్ప్రింగులట, ఎంత బరువు పెట్టినా కుంగవట. కుంగకపోతే అడుగు తగలదు, తగలకపోతే కుదుపు లేదు. ఇంతకన్నా ఇంకేం కావాలి? ఎవర్నీ అడగకుండా తెప్పించి, పెట్టె చంకలో పెట్టుకుని దుకాణానికి పోయి విజయ సంగతి చెప్పాను. పెదనాయన ఒక స్ప్రింగు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆ ముఖంలో వెటకారం లేదు, పసిపిల్ల కొత్త బొమ్మని చూసినట్టు చూశాడు.

"ఏందమ్మా ఇది? ఏ బండిది?"

ఫోన్లో రేసు పెట్టి చూపించాను. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని ఐదారు సార్లు చూశాడు.

"ఇది ఎంతసేపు పోతాది?"

"పది పన్నెండు సెకన్లు పెదనాయనా."

"మలుపు?"

"లేదు. నేరుగా పోవడమే."

"గుంతలు?"

"నున్నటి రోడ్డు."

"బర్రె అడ్డమొస్తే?"

"రాదు."

"అబ్బ, అదృష్టవంతుడు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం ఇంకోసారి పెట్టించుకుని, కారు దూకే చోట ఆపమన్నాడు. "చూడు, ముందర లేస్తాంది. బరువంతా యెనక చక్రాల మీదికి తోస్తన్నాడు. ఈ బండిని యెనక చక్రాలు నెడతాయి. నీ బండిని ముందరియి గదా లాగేది?"

"అయితే ఏం? గట్టి స్ప్రింగు తక్కువ కుంగుతుంది. ఇది సైన్సు, నేను రోజూ చెప్పే పాఠం."

"కుంగదు, నిజమే. మరి ఆ దెబ్బ ఏడికి పోయింది?"

జవాబు లేనప్పుడు నాకు కోపమే వస్తుంది. "నేనేమన్నా చిన్నపిల్లనా? బిగించమంటే బిగించు" అన్నాను. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. "బిగిస్తా. కానీ విజయమ్మ ఎక్కకముందు పలకలెక్కాల" అన్నాడు.

స్ప్రింగులు బిగించాక, చట్రం కట్టని పది పలకలు తెప్పించాడు. ఒక్కొక్కటీ కొట్టి నాకు వినిపించాడు, అన్నీ టింగ్ మన్నవే. విజయ కూర్చునే చోట వాటిని నిలబెట్టి, మధ్యలో గడ్డి దోపి, తాడుతో కట్టి, మిగతావాళ్ల బరువుకి పక్కన ఇసుక మూటలు వేశాడు. "రోజూ పోయినట్టే పో" అని నా పక్కన కూర్చున్నాడు. పెద్దారవీడు దాకా పోయి వెనక్కి వచ్చాం. కారు ఎక్కడా అడుగు తగల్లేదు. చూశావా అన్నట్టు నేను ఆయన వంక చూశాను కూడా.

షెడ్డులో పలకలు విప్పి బల్ల మీద పరిచాడు. ఒక్కదాని మీదా గీత లేదు. "నువ్వే కొట్టి చూడు" అన్నాడు. మొదటిది టింగ్. రెండోది టింగ్. మూడోది తడిసిన చెక్కని కొట్టినట్టు మొద్దుగా పలికింది. మళ్లీ కొట్టాను, అంతే. పదింటిలో నాలుగు అట్లా పోయాయి. పైకి ఏమీ కనపడలేదు, లోపల చీలిపోయాయి. మర్నాడు పొద్దున్నే విజయని ఆ సీట్లోనే కూర్చోబెట్టాలనుకున్నాను నేను. బల్ల పట్టుకుని భోరుమన్నాను.

"ఏడవబాక తల్లీ. నువ్వు మేలుకే చేసినావు. దెబ్బ ఏడికో ఒకచోటికి పోవాల గదా. స్ప్రింగు తీసుకోకుంటే కూసున్నోళ్లు తీసుకుంటారు."

వాటిని విప్పేసి, నా కారుకి కంపెనీవాళ్లు వేసే స్ప్రింగులే కొత్తవి తెప్పించి, అరిగిపోయిన షాక్ అబ్జార్బర్లూ, అడుగు తగలకుండా ఉండే రబ్బర్లూ మార్చాడు. మళ్లీ పది పలకలు, మళ్లీ పెద్దారవీడు. ఈసారి ఒకటి పోయింది. "ఇంకా ఏం లోపం ఉంది?" అని అడిగాను. ఆయన నా చెప్పుల వంక చూశాడు.

"స్ప్రింగు సగం, నీ కాలు సగం. బడి గంటతో పోటీ పెట్టుకుని తోల్తన్నావు. పావుగంట ముందు బయల్దేరు."

కోపం రాలేదు, సిగ్గేసింది. మూడోసారి నిదానంగా పోయాం. పది పలకలూ మోగాయి. పదో పలక మోగాక ఆయన దాన్ని గోనెపట్టాలో చుట్టి నా డిక్కీలో పెట్టాడు. "ఇది ఈడనే ఉండనీ. పగిలిన రోజు నా దగ్గరికి రా."

విజయ తొమ్మిదో నెల దాకా అదే సీట్లో వచ్చింది. బిడ్డకి దీవెన అని పేరు పెట్టింది పెదనాయనే. ఆ రేసు స్ప్రింగుల్ని ఆయన షెడ్డులో మేకుకి తగిలించుకుని, వచ్చిన ప్రతి డ్రైవర్‌కీ "పది సెకన్లు పోయే బండిదంట, బర్రెలే రావంట" అని మురిసిపోతూ చూపించేవాడు. ఆ రేసు ఎక్కడైనా జరిగితే ఒకసారి తీసుకుపొమ్మని నన్ను అడిగాడు. అలాగే అన్నాను, తీసుకుపోలేదు. అది ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

ఇప్పుడు స్ప్రింగుల పాఠం చెప్పేటప్పుడు సూత్రం రాయకముందే పిల్లల్ని అడుగుతాను: కుంగకపోతే ఆ దెబ్బ ఏడికి పోయింది? వెంటనే చేతులు లేస్తాయి. అంత తొందరగా జవాబు చెప్పనక్కర్లేదని వాళ్లకి చెబుతాను.

పెదనాయన పోయి రెండేళ్లయింది. కారు మారింది, పలక మారలేదు. నిన్న దాన్ని మళ్లీ గోనెపట్టాలో చుట్టి పెడుతుంటే దీవెన అడిగింది, "అది పగిలితే ఏం చేస్తావు పెద్దమ్మా?" ఆ పిల్ల కూర్చున్న సీటు వైపు చూశాను. పగిలితే చూపించడానికి ఇప్పుడు ఆయన లేడు. బండి ఎక్కి, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి, ఇంటికి పావుగంట ఆలస్యంగా చేరాను.