నకిలీ గిట్టని దర్శకుడు

భవానీప్రసాద్ గారికి నకిలీ గిట్టదు. ఒకప్పుడు పెనుగంచిప్రోలు చుట్టూ సగం పొలం వీళ్ళ నాన్నగారిదే. ఈయన మాత్రం జగ్గయ్యపేటలో పద్యనాటకాలు ఆడిస్తాడు, సినిమాలు తీస్తాడు. సీనులో ఎవరూ తెరవని పెట్టెలో కూడా అసలైన పట్టుచీరలే ఉండాలంటాడు. సెంటు పూసిన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పేదల కష్టం గురించి గంటసేపు చెబుతాడు.

మొన్న పెనుగంచిప్రోలు మిరపతోటలో షూటింగు పెట్టాడు. ఆసామి కూలిమనిషిని తిట్టే సీను. నటి వద్దని, ఆ తోటలో కాయలు కోసే రత్తమ్మనే నిలబెట్టాడు. ఆసామి వేషం కట్టినవాడి తిట్టులో పస లేదు. ఎనిమిది టేకులయ్యాక విసుగొచ్చి ఈయనే లేచాడు. "ఏమే, ఇంత పొద్దెక్కిందాకా ఎక్కడ చచ్చావ్?" అని తిట్టి చూపించాడు. రత్తమ్మ గబుక్కున చెప్పులు విడిచి, కాలుతున్న మట్టి మీద తలొంచుకుని నిలబడింది. ఆయన కళ్ళు మెరిశాయి. కెమెరా ఆన్ చెయ్యలేదని కెమెరామన్ నసిగాడు.

"బ్రహ్మాండంగా చేశావ్ రత్తమ్మా. మళ్ళీ అచ్చం అట్లాగే చెయ్యి," అన్నాడాయన.

"నేను చేసిందేముందండి," అంది రత్తమ్మ, చెప్పులు తొడుక్కుంటూ. "మీ నాన్నగారి గొంతనుకున్నా."